హార్డ్ డిస్కు చప్పుడు చేస్తే: ఆపడం దగ్గర నుంచి అప్పగించేదాకా

"హార్డ్ డిస్కు చప్పుడు చేస్తోంది. శ్రీకాకుళంలో ఎవరికి చూపించాలి, ఎంతవుతుంది, ఎన్ని రోజులు పడుతుంది?" వారానికి ఒకరైనా నన్ను ఇలా అడుగుతారు. చాలామంది రెండు రోజులు ఆలస్యంగా అడుగుతారు. ఆ రెండు రోజుల్లో డిస్కును పదిసార్లు ఆన్ చేసి ఉంటారు, బావమరిది ఒకసారి ఊడదీసి బిగించి ఉంటాడు, ఫార్మాట్ కొడితే సరిపోతుందని ఎవరో సలహా కూడా ఇచ్చి ఉంటారు. డిస్కు నా బల్ల మీదికి వచ్చేసరికి అసలు జబ్బు కన్నా ఈ వైద్యాల వల్ల జరిగిన నష్టమే ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక మాట ముందే తేల్చుకుందాం. కేబుల్ లోపమో, ఏ ఫైలు ఎక్కడుందో డిస్కులో రాసి ఉండే ఫైళ్ల పట్టిక చెదరడమో అయితే తప్ప, పాడైన హార్డ్ డిస్కు మళ్లీ రోజువారీ వాడకానికి పనికిరాదు. డిస్కు అడుగున ఉండే ఎలక్ట్రానిక్ బోర్డు మార్చినా, లోపల చదివే హెడ్లు మార్చినా లోపల ఉన్నది ఒక్కసారి బయటికి తెచ్చుకోవడానికే. కొత్త డిస్కు ఎలాగూ కొనాలి. కాబట్టి ఇక్కడ "బాగుచేయించడం" అంటే "డేటా తీయించడం" అనే అర్థం.

1. ముందు కరెంటు ఆపండి

హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5400 లేదా 7200 చుట్లు తిరుగుతుంటాయి. వాటిని చదివే హెడ్డు పళ్లేన్ని తాకకుండా, మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ ఎత్తున గాలిలో తేలుతుంది. హెడ్డు దెబ్బతిని కిందికి వాలితే పళ్లెం మీది అయస్కాంతపు పూత గీసుకుపోయి పొడిగా రాలుతుంది. ఆ పూతలోనే మీ డేటా ఉంటుంది. పొడి అయినదాన్ని ఏ ఊరి నిపుణుడూ తిరిగి అతికించలేడు.

అందుకని డిస్కు టకటక కొడుతుంటే విండోస్ నెమ్మదిగా మూసుకునేదాకా ఆగకండి. ల్యాప్‌టాప్ అయితే పవర్ బటన్‌ను అలాగే నొక్కి పట్టుకోండి, డెస్క్‌టాప్ అయితే వెనక స్విచ్ తీసేయండి. శబ్దమేమీ లేకుండా కేవలం నెమ్మదించి ఉంటే మామూలుగానే మూసేయవచ్చు.

ఆపిన తర్వాత చేయకూడనివి:

- "మళ్లీ ఒకసారి చూద్దాం" అని ఆన్ చేయడం.
- చేత్తో తట్టడం, ఊపడం, తలకిందులు చేయడం.
- ఫ్రిజ్‌లో పెట్టడం. బయటికి తీయగానే లోపలి పళ్లేల మీద చెమ్మ పడుతుంది.
- మూత విప్పి చూడడం. దుమ్ము రేణువు హెడ్డు ఎగిరే ఎత్తు కన్నా ఎన్నో రెట్లు పెద్దది.
- అదే డిస్కులోకి రికవరీ సాఫ్ట్‌వేర్ దింపుకోవడం, విండోస్ మళ్లీ ఎక్కించడం.
- "ఫార్మాట్ చేయాలా?" అని విండోస్ అడిగితే సరే అనడం.
- విండోస్‌లో ఉండే చెక్‌డిస్క్ అనే డిస్కు సరిచేసే సాధనాన్ని నడపడం.

చివరిదాన్ని నా అనుభవంతో చెబుతున్నాను. పని నేర్చుకుంటున్న రోజుల్లో, చదవడానికి ఇబ్బంది పడుతున్న ఒక డిస్కుకు చెక్‌డిస్క్ పెట్టి భోజనానికి వెళ్లాను. వచ్చి చూస్తే ఫోల్డర్లు మాయమయ్యాయి. 'ఫౌండ్' అనే ఫోల్డర్‌లో పేర్లు లేని ముక్కలు వేలకొద్దీ పడి ఉన్నాయి. చెక్‌డిస్క్ పని ఫైళ్ల పట్టికను సరిచేయడం. డిస్కే సరిగా చదవనప్పుడు అది తనకు కనిపించని ఫైళ్లను లేవనుకుని పట్టిక నుంచి కొట్టేస్తుంది. ఆ ముక్కలను పేర్చడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది, అయినా అన్నీ రాలేదు.

2. ఏమి కావాలో కాగితం మీద రాయండి

డిస్కు కావాలా, డేటా కావాలా? వారంటీ ఉన్నవారు ఈ ప్రశ్న దగ్గరే పొరపాటు పడతారు. వారంటీ కింద కంపెనీ డిస్కు మార్చి ఇస్తుంది, పాతది తిరిగి రాదు, అందులోని డేటా బాధ్యత కంపెనీది కాదు. డేటా అక్కర్లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి గడువు చూసుకుని పంపేయండి, ఈ వ్యాసం మిగతా భాగంతో మీకు పని లేదు. సీగేట్ వారి కొన్ని డిస్కులతో 'రెస్క్యూ' పేరుతో డేటా రికవరీ సేవ కూడా వస్తుంది. పెట్టె మీదో వెబ్‌సైట్‌లోనో ఆ మాట ఉందేమో చూడండి.

డేటా కావాలంటే అందులో ఏమి ఉందో రాయండి. "అంతా కావాలి" అనకండి. చావుబతుకుల్లో ఉన్న డిస్కు నుంచి మొదటి రెండు గంటల్లో ఏది తీయాలో చేసేవాడికి తెలియాలి. ముఖ్యమైనదాన్ని ముందు, పోయినా ఫర్వాలేదనిపించేదాన్ని చివర రాయండి.

- ఫొటో స్టూడియో అయితే: ఇంకా ఆల్బం ఇవ్వని పెళ్లిళ్లు, తేదీల వారీగా. ఇచ్చేసినవి తర్వాత.
- దుకాణం లెక్కలైతే: టాలీలో కంపెనీ డేటా అంకెల పేరున్న ఫోల్డర్‌లో ఉంటుంది. ఆ ఫోల్డర్ మొత్తంగా రావాలి, అందులో సగం వచ్చినా లెక్క తెరుచుకోదు.
- డీటీపీ అయితే: పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు వాటిలో పెట్టిన బొమ్మల ఫోల్డరు, మీరు వాడే 'అను' తెలుగు ఫాంట్లు కూడా. ఫాంటు లేకుండా శుభలేఖ తెరిస్తే అచ్చుకు పనికిరాని గజిబిజి కనిపిస్తుంది.
- ఇంటి కంప్యూటర్ అయితే: పిల్లల ఫొటోలు, భూమి కాగితాల స్కాన్లు, సర్టిఫికెట్లు.

రాశాక ప్రతి వరుస పక్కన "ఇంకెక్కడైనా ఉందా?" అని రాసుకుని వెతకండి. మెయిల్‌లో పంపినవి, వాట్సాప్‌లో పెట్టినవి, కెమెరా కార్డులో చెరపనివి, ఆడిటర్ దగ్గర ఉన్న నకలు, పాత పెన్‌డ్రైవ్. ఒక దస్తావేజు లేఖరికి కావలసిన ముసాయిదాల్లో సగానికి పైగా ఆయన కక్షిదారులకు పంపిన మెయిళ్లలోనే దొరికాయి. మిగిలినవాటి కోసం అంత ఖర్చు అక్కర్లేదని ఆయనే అనుకుని డిస్కు వెనక్కి తీసుకెళ్లారు. నాకు బేరం పోయింది గాని, సరైన నిర్ణయమే.

3. లక్షణాన్ని బట్టి జబ్బు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది దీన్ని బట్టే ఉంటుంది.

చడీచప్పుడూ లేదు, తిరగడం లేదు. చాలావరకు బోర్డు సంగతి. మన జిల్లాల్లో కరెంటు పోయి ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీతో వచ్చినప్పుడు ఇది ఎక్కువ. డిస్కు తగిలిస్తే కంప్యూటరే ఆన్ కాకపోవడం, తీసేస్తే ఆన్ కావడం దీనికి మంచి గుర్తు. బోర్డు మీద ఉండే రక్షక డయోడు ఎక్కువ వోల్టేజీని తాను మింగి షార్ట్ అయి ఉంటుంది. బయట వాడే పెద్ద డిస్కుకు 12 వోల్టుల అడాప్టర్ బదులు ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ గుచ్చేవారికీ ఇదే గతి. అదృష్టం బాగుండి డయోడు ఒక్కటే పోతే ఇది అన్నిటికన్నా చవకైన జబ్బు.

సన్నగా కుయ్‌మంటోంది, తిరగలేకపోతోంది. హెడ్లు పళ్లేనికి అతుక్కున్నాయి, లేదా మోటారు పట్టేసింది. కింద పడిన ల్యాప్‌టాప్ డిస్కుల్లో చూస్తాం. దుమ్ము చొరబడకుండా కట్టిన శుభ్రమైన గది ఉన్నవారి పని.

తిరుగుతుంది, టక్ టక్ మని కొట్టి ఆగిపోతుంది. హెడ్డు తన చోటు తెలుసుకోలేక గోడకు కొట్టుకుంటోంది. ఇదీ శుభ్రమైన గది పనే. అరుదుగా కరెంటు చాలకపోయినా ఇలాగే కొడుతుంది, కాబట్టి వేరే కేబుల్‌తో ఒక్కసారి, ఒకే ఒక్కసారి చూడవచ్చు.

శబ్దం మామూలే, కానీ ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతోంది, కాపీ మధ్యలో ఆగుతోంది. పళ్లెం మీద చదవలేని చోట్లు పుట్టాయి. మన ఊళ్లోనే, జాగ్రత్త ఉన్న మనిషి చేతిలో, చాలా భాగం తిరిగి వచ్చే జబ్బు ఇది. ఆలస్యం చేస్తే పై జబ్బుగా మారేదీ ఇదే.

శబ్దం మామూలే, వేగం మామూలే, ఫార్మాట్ చేయమంటోంది లేదా ఫైళ్లు కనిపించడం లేదు. ఫైళ్ల పట్టిక చెదిరింది, లేదా ఎవరో పొరపాటున చెరిపారు. డిస్కు ఆరోగ్యంగానే ఉండవచ్చు. దాని మీద కొత్తగా ఏదీ రాయకపోతే తిరిగి వస్తుంది.

నీట మునిగింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను తర్వాత కొందరు డిస్కులను ఎండలో ఆరబెట్టి తెచ్చారు. ఆరితే నీటిలోని మట్టి, ఉప్పు పళ్లెం మీద పెచ్చుకడతాయి. ఆరబెట్టకండి, బియ్యంలో పెట్టకండి, కరెంటు అసలే ఇవ్వకండి. తడిగానే, గాలి చొరబడని సంచిలో మూసి నేరుగా డేటా రికవరీ కేంద్రానికి పంపండి.

4. ఇంట్లో చూసుకోదగినవి

టకటక, కుయ్‌మనే శబ్దాలు ఉంటే పైన చెప్పిన ఆ ఒక్క కేబుల్ పరీక్ష మినహా ఈ అంచె దాటేయండి. లేకపోతే ఈ వరసలో చూడండి.

మొదట కేబుల్. బయట వాడే డిస్కుల్లో యూఎస్‌బీ కేబుల్ వదులవడం అతి సామాన్యం. వేరే కేబుల్, వేరే పోర్టు, డెస్క్‌టాప్ అయితే ముందువైపు కాక వెనకవైపు పోర్టు. ముందు పోర్టుకు పొడుగాటి తీగ గుండా కరెంటు వస్తుంది, డిస్కుకు చాలకపోవచ్చు.

తర్వాత వేరే కంప్యూటర్. లోపలి డిస్కు అయితే డేటా వెళ్లే సాటా కేబుల్, పవర్ కేబుల్ మార్చి చూడండి.

డిస్కు కనిపిస్తే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వేరే డిస్కులో ఉంచి నడపండి. నీలం రంగు బాగున్నట్టు, పసుపు హెచ్చరిక, ఎరుపు ప్రమాదం. దశాంశ వరుస సంఖ్యల్లో 5, 197, 198 అనే మూడు గళ్లను చూడండి. 5 అంటే ఇప్పటికే పాడై పక్కన పెట్టిన చోట్లు. 197 అంటే చదవలేక వాయిదా వేసినవి. 198 అంటే చదవలేమని తేల్చినవి. 197 గాని 198 గాని సున్నా కాకపోతే డేటా నకలు తీయడం తప్ప వేరే పని చేయకండి. 199 ఒక్కటే పెరిగి మిగతావి సున్నా అయితే తప్పు చాలావరకు కేబుల్‌ది, డిస్కుది కాదు. ఆ సాఫ్ట్‌వేర్ ఈ వరుస సంఖ్యలను పదహారు ఆధారంగా చూపిస్తుంది, పక్కనున్న విలువలను మాత్రం అమరికల్లో పదికి మార్చుకోవచ్చు. ఈ సంగతి తెలియక 'సీ5' అన్న గడిని చూసి కంగారుపడి ఫోన్ చేసినవారున్నారు. సీ5 అన్నా 197 అన్నా ఒకటే.

విండోస్ ఉన్న డిస్కు అయితే దాని నుంచే కంప్యూటర్‌ను నడిపి ఇవన్నీ చూడకండి. విండోస్ నడిచినంతసేపూ దాని మీద రాస్తూనే ఉంటుంది.

5. శబ్దం లేని డిస్కుకు ముందు నకలు

పాడైన డిస్కు నుంచి ఫోల్డర్లు ఒక్కొక్కటిగా కాపీ చేయడం అందరూ చేసే తప్పు. విండోస్ చదవలేని చోటుకు రాగానే అక్కడే తల బాదుకుంటుంది. బాగున్న తొంభై పాళ్లు పక్కనే ఉన్నా ముందుకు కదలదు, ఈలోగా హెడ్డు అలసిపోతుంది. సరైన పద్ధతి మొత్తం డిస్కుకు యథాతథంగా ఒక నకలు తీసి, ఆ తర్వాత నకలు మీద ప్రయోగాలు చేయడం.

కావలసినవి: పాడైనదానితో సమానమైన లేదా పెద్దదైన ఖాళీ డిస్కు, సిస్టమ్‌రెస్క్యూ అనే ఉచిత లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్, ఇంకొక పెన్‌డ్రైవ్, యూపీఎస్ లేదా ఇన్వర్టర్.

- కంప్యూటర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడపండి. విండోస్ జోలికి వెళ్లకండి.
- రెండు డిస్కుల మోడల్, సీరియల్ నంబర్లు తెర మీద చూసి కాగితం మీద రాసుకోండి. ఏది పాతది, ఏది కొత్తది అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ డేటా మీద కూర్చుంటుంది. నేను ఇప్పటికీ రెండుసార్లు చూస్తాను.
- అందులోనే ఉండే డీడీరెస్క్యూ అనే నకలు తీసే సాధనంతో పని మొదలుపెట్టండి. తేలికగా చదవగలిగిన చోట్లన్నీ ముందు తీసి, కష్టమైనవి తర్వాతకు వదిలే ఆప్షన్‌తో మొదటి విడత నడపండి.
- అది ఎక్కడిదాకా వచ్చిందో రాసుకునే మ్యాప్ ఫైలును రెండో పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. ఆ ఫైలు లినక్స్ తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటే, కరెంటు పోగానే అదీ పోతుంది, పని మళ్లీ మొదటికి వస్తుంది.
- డిస్కు మీదికి బల్ల ఫ్యాను తిప్పండి. వేడెక్కిన డిస్కు ఇంకా తడబడుతుంది.
- మొదటి విడత అయ్యాక మిగిలిన చోట్ల కోసం రెండో విడత.

రాత్రంతా పట్టవచ్చు, రెండు రోజులూ పట్టవచ్చు. మధ్యలో టకటక మొదలైతే అక్కడితో ఆపేసి, వచ్చినంత నకలుతో తర్వాతి అంచెకు వెళ్లండి. నకలు పూర్తయితే పాత డిస్కును తీసి పక్కన పెట్టి, నకలు మీద టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాధనంతో పోయిన విభాగాలను (పార్టిషన్లను) వెతకండి. అది కుదరకపోతే ఫొటోరెక్ వాడండి. ఫొటోరెక్ ఫైలు తల ఆనవాలును బట్టి ఏరుతుంది గనక పాత పేర్లు, ఫోల్డర్లు రావు. పది వేల ఫొటోలు అంకెల పేర్లతో వస్తాయి, ఏరుకునే ఓపిక మీదే.

ఇది మీవల్ల కాదనిపిస్తే సిగ్గుపడనక్కర్లేదు. అంచెలు తెలిసి ఉంటే దుకాణంలో ఏమి అడగాలో తెలుస్తుంది.

6. ఎవరి దగ్గరికి

మూడు రకాల చేతులు ఉంటాయి.

మొదటివి మన ఊరి సర్వీసు దుకాణాలు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి నుంచి, విజయనగరంలో గంట స్తంభం నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే దొరుకుతారు. చెరిగిన ఫైళ్లు, చెదిరిన పట్టిక, నెమ్మదించిన డిస్కు నకలు, కేబుల్ మార్పు, బయటి పెట్టె మార్పు వీరి పరిధి. పనితనం ఉన్నవాడైతే షార్ట్ అయిన డయోడు కూడా చూడగలడు.

రెండో రకం చిప్ పనివాళ్లు, అంటే మదర్‌బోర్డులు, ఫోన్ బోర్డులు బాగుచేసేవారు. విశాఖలో ద్వారకానగర్ వైపు కంప్యూటర్ దుకాణాలు చాలా ఉన్నాయి, విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద పైచిలుకు. బోర్డు జబ్బు వీరికి చూపించవచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అదే మోడల్ డిస్కు బోర్డు తెచ్చి బిగిస్తే సరిపోదు. ప్రతి డిస్కుకూ ఫ్యాక్టరీలో దానికే సరిపడే కొలతలు రాసిన సమాచారం బోర్డు మీది చిన్న చిప్పులో ఉంటుంది, సాధారణంగా ఎనిమిది కాళ్ల చిప్పు. దాన్ని పాత బోర్డు నుంచి తీసి కొత్తదానికి అతకాలి. "బోర్డు మార్చాను, అయినా రాలేదు, కాబట్టి డిస్కు పోయింది" అన్నవాడు ఈ పని చేసి ఉండడు.

మన తీరం ఉప్పుగాలికి బోర్డు అడుగున ఉండే తాకుడు బిళ్లలు నల్లబడి కూడా డిస్కు మొరాయిస్తుంది. తెలిసినవాడు బోర్డు విప్పి వాటిని పెన్సిల్ రబ్బరుతో రుద్ది బిగిస్తాడు. బోర్డు విప్పడం వేరు, మూత విప్పడం వేరు. మొదటిది చేయనివ్వండి, రెండోది వద్దనండి.

మూడో రకం శుభ్రమైన గది ఉన్న డేటా రికవరీ కేంద్రాలు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వంటి నగరాల్లో ఉంటాయి. హెడ్లు మార్చడం, మోటారు పట్టేసిన డిస్కు, నీట మునిగినది వీరికే. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో మీకు డిస్కు అమ్మిన దుకాణంవాడు ఎంత మంచివాడైనా హెడ్లు మార్చే గది అతని దగ్గర ఉందనుకోకండి. అడగండి.

డబ్బు సంగతి. చెదిరిన పట్టిక పని వేలల్లో ముగుస్తుంది. హెడ్లు మార్చే పని పది వేలు దాటడం మామూలు, హెడ్లు తీసుకోవడానికి సరిపడే ఇంకో డిస్కు ఖర్చు దానికి అదనం. అందుకే రెండో అంచెలో జాబితా రాయమన్నాను.

తీసుకెళ్లేటప్పుడు స్థిర విద్యుత్ నుంచి కాపాడే యాంటీ స్టాటిక్ సంచిలో పెట్టి, అన్ని వైపులా నాలుగైదు అంగుళాల స్పాంజి లేదా బుడగల కవరు చుట్టి గట్టి పెట్టెలో ఉంచండి. ఉత్త ప్లాస్టిక్ సంచిలో నేరుగా పెట్టకండి. బస్సులో పై అరలో పెట్టకుండా ఒళ్లో పెట్టుకోండి. ఆమదాలవలసలో రైలెక్కినా ఇదే మాట.

7. అప్పగించే ముందు అడగవలసినవి

- "ఈ పని మీరే చేస్తారా, ఇంకెవరికైనా పంపుతారా?" పంపడం తప్పు కాదు. ఎక్కడికో చెప్పకపోవడం తప్పు.
- "నా డిస్కు నుంచి నేరుగా తీస్తారా, ముందు నకలు తీస్తారా?" ముందు నకలు అన్నదే సరైన జవాబు.
- "మూత తెరుస్తారా? తెరిస్తే ఎక్కడ?" బల్ల మీద, ఫ్యాను కింద అని తేలితే పెట్టె చంకలో పెట్టుకుని వచ్చేయండి.
- "పరీక్షకు ఎంత, పనికి ఎంత, రాకపోతే ఎంత?" మూడూ వేర్వేరుగా.
- "ఏయే ఫైళ్లు వస్తాయో డబ్బు కట్టేముందు చూపిస్తారా?"
- "డేటా దేంట్లో ఇస్తారు?" కొత్త డిస్కులో. పాత డిస్కులోకే తిరిగి వేసి ఇస్తానన్నవాడికి పని తెలియదు.

చూడకుండానే "నూటికి నూరు శాతం వస్తుంది" అనేవాడినీ, చూడకుండానే "పోయింది, పారేయండి" అనేవాడినీ నేను ఒకే గాటన కడతాను.

8. రసీదు

మన దగ్గర మొహమాటం ఎక్కువ. తెలిసిన కుర్రాడే కదా అని డిస్కు చేతిలో పెట్టి వచ్చేస్తాం. నెల తర్వాత అది మన డిస్కేనా అన్న అనుమానం వస్తే తేల్చుకునే దారి ఉండదు. ఇచ్చేముందు డిస్కుకు రెండు వైపులా ఫోన్‌లో ఫొటో తీయండి, బోర్డు వైపు కూడా. తర్వాత ఇంత రాయించుకోండి:

"మోడల్, సీరియల్ నంబర్ ఇవి. ఇచ్చిన రోజు డిస్కు స్థితి ఇది. యజమాని ఒప్పుకోకుండా మూత తెరవరాదు, డిస్కు మీద ఏమీ రాయరాదు. పరీక్ష రుసుము ఇంత, పని పూర్తయితే ఇంత, డేటా రాకపోతే ఇంత. డేటా నకలును అప్పగించిన ఇన్ని రోజుల తర్వాత చెరిపేయాలి. డిస్కును దాని బోర్డుతో సహా తిరిగి ఇవ్వాలి."

బోర్డుతో సహా అన్న మాట వదలకండి. ఎనిమిది కాళ్ల చిప్పు ఉన్న అసలు బోర్డు లేకుండా వెనక్కి వచ్చిన డిస్కును ఇంకెవరూ ముట్టుకోలేరు.

విండోస్ 10, 11 ల్యాప్‌టాప్‌లలో డిస్కులోని డేటాకు బిట్‌లాకర్ అనే తాళం (ఎన్‌క్రిప్షన్) వేసి ఉండవచ్చు, మీకు తెలియకుండానే. అలాంటప్పుడు 48 అంకెల బిట్‌లాకర్ కీ లేనిదే ఎవరు తీసినా చెత్తే వస్తుంది. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీ రాసిపెట్టుకోండి. డేటా చేతికి వచ్చే రోజు దుకాణంలో మీరే కొట్టండి.

డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్ వంటి చిన్న డిస్కులు చాలావాటిలో యూఎస్‌బీ పోర్టు డిస్కు బోర్డులోనే కలిసి ఉంటుంది. పోర్టు విరిగిందని పెట్టె విప్పి సాటా పిన్నుల కోసం వెతికినా దొరకవు. పైగా అందులో డేటాను ఆ బోర్డే తాళం వేసి రాస్తుంది. పోర్టు అతకడం చిప్ పనివాడి పని, బోర్డును మాత్రం పోగొట్టుకోకూడదు.

9. డేటా వచ్చాక, మిగతా డబ్బు కట్టేముందు

ఫైలు పేరు కనిపించినంత మాత్రాన ఫైలు వచ్చినట్టు కాదు. పేరు, సైజు సరిగ్గా ఉండి లోపల అన్నీ సున్నాలే ఉండవచ్చు. అక్కడే కూర్చుని తెరవండి.

- మీ జాబితాలో మొదటి మూడు వరుసలు పూర్తిగా.
- ఫొటోలను పెద్దవి చేసి చూడండి. సగం నుంచి బూడిద రంగు ఉంటే అది సగమే వచ్చింది.
- వీడియోను మొదట, మధ్యలో, చివర. పెళ్లి వీడియోలో తాళి కట్టే చోటు తెరుచుకుంటే నాకు ధైర్యం.
- టాలీ కంపెనీ తెరిచి చివరి నెల నిల్వ సరిచూడండి.
- పేజ్‌మేకర్ ఫైలు తెరిచి ఫాంటు, బొమ్మలు చూడండి.

ఇంటికి రాగానే ఇంకో డిస్కులోకి రెండో నకలు చేసుకోండి. ఆ తర్వాతే దుకాణంవాడికి వాళ్ల దగ్గరి నకలు చెరపమని ఫోన్ చేయండి.

10. ఎస్‌ఎస్‌డీ అయితే

ఎస్‌ఎస్‌డీలో డేటా చిప్పుల్లో ఉంటుంది, తిరిగేవి ఏవీ ఉండవు, శబ్దమూ ఉండదు, హెచ్చరిక లేకుండా ఒక పూట కనిపించకుండా పోతుంది. పొరపాటున చెరిపిన ఫైళ్లు హార్డ్ డిస్కులో లాగా తిరిగి రావని అనుకోండి. చెరిపిన చోట్లను ఎస్‌ఎస్‌డీ తనంతట తానే ఖాళీ చేసుకుంటుంది, కరెంటు ఉన్నంతసేపూ ఆ పని సాగుతుంది. అందుకే వెంటనే ఆపడం ఇక్కడ ఇంకా ముఖ్యం. కనిపించని ఎస్‌ఎస్‌డీని నేరుగా డేటా రికవరీ కేంద్రానికే పంపండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది, అప్పుడు ల్యాప్‌టాప్ మొత్తం పంపాలి.

11. పాత డిస్కును ఏమి చేయాలి

మూడు నెలలు దాచండి. మరిచిపోయిన ఫోల్డర్ ఒకటి ఆ మూడు నెలల్లో తప్పకుండా గుర్తుకొస్తుంది. తర్వాత పాత సామాన్లవాడికి అలాగే ఇచ్చేయకండి, మీ వల్ల కానిది ఇంకొకరి వల్ల అవుతుంది. డెస్క్‌టాప్ డిస్కు పళ్లేలు సాధారణంగా అల్యూమినియంవి, డ్రిల్లుతో రెండు మూడు రంధ్రాలు పెడితే చాలు. ల్యాప్‌టాప్ డిస్కు పళ్లేలు చాలావాటిలో గాజువి. సుత్తితో కొడితే పగిలి చిల్లపెంకులు ఎగురుతాయి, కాబట్టి గోనెసంచిలో చుట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని కొట్టండి. లోపలి అయస్కాంతాలు పిల్లలు అడుగుతారు. రెండింటినీ కలిపి ఇవ్వకండి, మధ్యలో వేలు పడితే చర్మం చిట్లుతుంది.